మృదు శిల కాదమ్మా

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ కవరు గురువారం అందింది. ఒక ఇంగ్లిష్ పాట మీద నువ్వు రాసిన వ్యాసం పద్నాలుగు పేజీలు, పైన గుండుసూదితో గుచ్చిన చీటీ, తిరుగు టపాకు స్టాంపులు. స్టాంపులు జతచేసి పంపాలని నీ ఈడువాళ్ళకు ఎవరు నేర్పారో తెలియదు కాని, చూసి చాలా సంతోషించాను. ఆ సంతోషం మొదటి పేజీ మూడో పంక్తి దాకా నిలిచింది.

మూడో పంక్తిలో "మృదు శిలా సంగీతం" అని రాశావు.

కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను. అదే ఉంది. సాఫ్ట్ అంటే మృదువు, రాక్ అంటే శిల, రెండూ కలిపి కుట్టేశావు. ఈ రాక్ బండరాయి కాదమ్మా. తొట్టెలో పిల్లవాణ్ణి ఊపుతామే, ఆ ఊపు. రాక్ అండ్ రోల్ అంటే ఊగడమూ దొర్లడమూ. ఆ ఊపులోంచి వేగం కొంత తీసేసి, గిటారు అరుపు తగ్గించి, గొంతులు ముందుకు తెచ్చి, వంట చేసుకుంటూనో కారు నడుపుకుంటూనో వినడానికి వీలుగా చేసిన పాటలకు 1970లలో సాఫ్ట్ రాక్ అన్న పేరు స్థిరపడింది. దాన్ని సాఫ్ట్ రాక్ అనే రాయి. బస్సును బస్సు అనే అంటున్నాం, ఎక్కుతున్నాం, దిగుతున్నాం. అదే పేజీ అడుగున "జనాదరణ సోపాన పట్టిక" అని మరొకటి కనిపించింది. దాన్ని చార్టు అంటే ఏ తెలుగు తల్లీ నొచ్చుకోదు.

నిన్ను "నువ్వు" అంటున్నందుకు ఏమీ అనుకోకు. నా మనవరాలికన్నా నాలుగేళ్ళే పెద్దదానివి.

చీటీలో ఆరు ప్రశ్నలు అడిగావు. వాటి సంగతి తరువాత చూద్దాం. ముందు ఈ పద్నాలుగు పేజీలూ చదివాక నాకు కలిగిన చిరాకు, చివర్లో ఒకచోట కలిగిన మరొకటి, ఆ రెండూ చెప్పాలి. మంచి పాటను ఎంచుకున్నావు. ఇక మెచ్చుకోలు అయిపోయింది.

టెన్‌సీసీ అనే ఇంగ్లిష్ బృందం 1975లో తెచ్చిన "ఐయామ్ నాట్ ఇన్ లవ్" గురించి రాయాలని కూర్చున్నావు. మొదటి నాలుగు పేజీల్లో నాకు కనబడినవన్నీ అంకెలే. బ్రిటన్‌లో ఒకటి, ఐర్లండ్‌లో ఒకటి, కెనడాలో ఒకటి, అమెరికాలో రెండు. చదువుతుంటే పదో తరగతి ఫలితాల రోజున కార్పొరేట్ కాలేజీవాళ్ళు పేపర్లో వేసే ప్రకటన గుర్తొచ్చింది. ఒకటి ఒకటి ఒకటి రెండు. ఆ అంకెలు ఎవరు వేశారు? ఎక్కడ కూర్చుని వేశారు? అది అడగాలన్న ఆలోచనే నీకు రాలేదు.

1975లో బ్రిటన్ చార్టును తయారుచేసింది బ్రిటిష్ మార్కెట్ రిసెర్చ్ బ్యూరో. సుమారు 300 రికార్డు దుకాణాలకు డైరీలు ఇచ్చేవారు. కౌంటరు దగ్గర నిలబడ్డ కుర్రాడో అమ్మాయో అమ్మిన ప్రతి రికార్డు నంబరునూ అందులో చేత్తో రాయాలి. వారం చివర ఆ డైరీ టపాలో వెళ్ళాలి. అక్కడ అన్నిటినీ కూడి ఒకటో స్థానం ఎవరిదో తేల్చేవారు. రికార్డు అట్ట మీది బార్‌కోడ్ గీతలను కంప్యూటర్ చదివి తనంతట తాను లెక్కపెట్టే రోజులు కావు. జూన్ 28 నుంచి రెండు వారాలు మన పాట ఒకటో స్థానంలో ఉందని రాశావు కదా, దాని అసలు అర్థం ఏమిటంటే, ఊరూరా ఎవరో కలం పట్టుకుని ఒకే నంబరును మళ్ళీ మళ్ళీ రాశారని. అది రాయి. ఆ కలం కనబడితే నీ ఒకటికి ప్రాణం వస్తుంది.

ఇక అమెరికా. అక్కడి చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో అమ్మకాలతో పాటు రేడియోలో ఎంత వేశారన్నదీ కలుపుతారు. బ్రిటన్ ఒకటీ అమెరికా రెండూ ఒకే తక్కెడలో తూచినవి కావు. నువ్వు "దురదృష్టవశాత్తు రెండో స్థానంతో సరిపెట్టుకోవలసి వచ్చింది" అని రాసి దాటుకుంటూ వెళ్ళిపోయావు. అమ్మాయీ, నీ నాలుగు పేజీల అంకెల్లో కథ ఉన్నది అక్కడ ఒక్కచోటే! జులై 26 వారం పాట రెండో మెట్టు ఎక్కింది. పైమెట్టు మీద వాన్ మెక్‌కాయ్ "ది హసిల్" ఉంది. మరుసటి వారం అది లేచింది. ఈగల్స్ వాళ్ళ "వన్ ఆఫ్ దీజ్ నైట్స్" వచ్చి కూర్చుంది. మూడో వారం అదీ లేచింది. బీజీస్ "జైవ్ టాకిన్" వచ్చేసింది. మూడు వారాలు, మూడు వేర్వేరు పాటలు. పండగ రోజు బస్టాండులో చూశావా, సీటు ఖాళీ అయిందని మనం తలుపులోంచి ఎక్కేలోపల కిటికీలోంచి ఎవరో తువ్వాలు విసిరేస్తారు. అలా మూడుసార్లు జరిగింది ఈ పాటకు. ఇంత ఉంటే దురదృష్టం అన్న మాటతో పని ఏమిటి?

ర్యాంకుల మీద నాకు పగ లేదు. చిన్నప్పుడు మా అన్నయ్య బుధవారం రాత్రి ఎనిమిది గంటలకు రేడియో సిలోన్‌లో హిందీ పాటలకు ర్యాంకులిచ్చే బినాకా గీత్‌మాలా పెట్టుకుని, వ్యాఖ్యాత అమీన్ సయానీ ఏ పాటను ఏ "పాయ్‌దాన్" (మెట్టు) మీద నిలబెట్టాడో రూళ్ళ పుస్తకంలో రాసుకునేవాడు. ఆ పుస్తకం ముట్టుకుంటే నా వీపు చిట్లేది. ఇవాళ అడిగితే ఇద్దరికీ ఒక్క ర్యాంకూ గుర్తులేదు. గుర్తున్నది సిలోన్ గొంతు మసకబారినప్పుడల్లా అన్నయ్య గోడెక్కి యాంటెన్నా తీగను చేత్తో పట్టుకోవడం. పట్టుకుంటే గొంతు స్పష్టంగా వచ్చేది, వదిలితే పోయేది. పాట అయ్యేదాకా అలాగే నిలబడేవాడు.

నా పిచ్చి ఏమిటో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. దేని గురించి రాసినా చేతులు కనబడాలి. పాట గురించి గానీ, పెళ్ళి గురించి గానీ, యుద్ధం గురించి గానీ. నా స్నేహితులు దీన్ని చేతుల జబ్బు అంటారు. 40 ఏళ్ళుగా తగ్గలేదు, ఇక తగ్గదు.

ఆ చేతులు నీ వ్యాసంలో ఎక్కడ ఉన్నాయని వెతికాను. ఆరో పేజీలో "ఎన్నో ఒడుదొడుకుల అనంతరం ఈ పాట రూపుదిద్దుకుంది" అని ఉంది. ఒడుదొడుకులు! వాటిలో మొదటిది తెలుసునా? ఎరిక్ స్టువర్ట్, గ్రాహం గౌల్డ్‌మన్ కూర్చుని పాట కట్టారు. మొదట అది బ్రెజిల్ వాళ్ళ బోసనోవా నడకలో ఉండేది. మాంచెస్టర్ పక్కన స్టాక్‌పోర్ట్‌లో స్ట్రాబెర్రీ స్టూడియోస్ అని వాళ్ళ సొంత రికార్డింగ్ థియేటర్. అక్కడ నలుగురూ వాయించి చూశారు. బృందంలో మిగతా ఇద్దరూ కెవిన్ గాడ్లీ, లాల్ క్రీమ్. గాడ్లీకి పాట ససేమిరా నచ్చలేదు. అంతే, టేపు చెరిపేశారు. దాచిపెట్టలేదు, చెరిపేశారు. ఒక ప్రపంచ ప్రసిద్ధ పాట మొదటి రూపం ఇవాళ వినడానికి ఎక్కడా లేదు.

కొన్నాళ్ళకు స్టువర్ట్ గమనించింది ఏమిటంటే, స్టూడియోలో పనిచేసేవాళ్ళు అటూ ఇటూ తిరుగుతూ ఆ బాణీని ఇంకా కూనిరాగం తీస్తున్నారు. టేపు పోయింది కాని వాళ్ళ నోళ్ళలోంచి పాట పోలేదు. అందుకని మళ్ళీ ఎత్తుకున్నారు.

ఇది చదివినప్పుడు నాకు ఎవరు గుర్తొచ్చారో చెబుతాను. 1978లో నేను విజయవాడ గవర్నరుపేటలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. జీతం తక్కువ, టీలు ఎక్కువ. అక్కడ అచ్చవుతున్న ఒక సంకలనానికి నా కథ ఒకటి ఇచ్చాను. ఒంటరిగా మెస్సు నడిపే ఒకావిడ అద్దె బాకీ పడడం, ఇంటివాడు గడువు పెట్టడం. నాలుగు పేజీలు కంపోజ్ అయ్యాక ఒక మిత్రుడు గాలీ ప్రూఫు, అంటే దిద్దడానికి తీసే తొలి అచ్చు, చదివి పెదవి విరిచాడు. ఆ రోజుల్లో మా అందరికీ ఆ మిత్రుడి పెదవే ప్రమాణం. కథ వెనక్కి తీసుకున్నాను. కూర్చిన సీసపు అక్షరాలను విడగొట్టి ఎక్కడివక్కడ కేసుల్లో వేసేశారు. నా దగ్గర చేతిరాత ప్రతి కూడా చింపేశాను.

ఆ నాలుగు పేజీలూ కూర్చిన కంపోజిటర్ పెద్దాయన మర్నాడు ప్రూఫు చేతికిస్తూ అడిగాడు: "ఆ మెస్సు ఆవిడ అద్దె కట్టిందా బాబూ?"

ఇంకా లేదన్నాను. వారం తరువాత మళ్ళీ అడిగాడు. ఇంకా లేదన్నాను. అక్షరాలు ఏరుకుంటూనే, తల ఎత్తకుండా, నెలకోసారైనా అడిగేవాడు. నేను ఆ ప్రెస్సు మానేసిన రోజున కూడా అడిగాడు. స్టువర్ట్ తన మనుషుల కూనిరాగం విన్నాడు. నేను వినలేదు. ఆ కథ ఇప్పటికీ రాయలేదు. ఆవిడ అద్దె కట్టిందో లేదో నాకూ తెలియదు.

సరే, నా గోల వదిలేయ్. రెండోసారి ఎత్తుకున్నప్పుడు ఏం జరిగిందో నీ ఏడో పేజీలో "అత్యాధునిక సాంకేతిక పరిజ్ఞానంతో వందలాది గొంతుల మాయాజాలం" అని ఒక్క వాక్యం ఉంది. నాకు ఇక్కడ నిజంగా కోపం వచ్చింది. టూత్‌పేస్ట్ ప్రకటనలో రాయవలసిన వాక్యం ఇది. మాయ కాదు, జాలం కాదు. కూలి పని.

పాట నచ్చలేదన్న గాడ్లీయే, చేస్తే వాద్యాలు పక్కనబెట్టి గొంతులతో చేద్దాం అన్నాడు. టేపు లూపులతో చేయవచ్చు అన్నది క్రీమ్. ఇప్పుడు నిదానంగా చదువు. గౌల్డ్‌మన్, గాడ్లీ, క్రీమ్ ముగ్గురూ మైకు ముందు నిలబడి ఒకే స్వరం మీద "ఆ..." అంటారు. మళ్ళీ అంటారు. ఒక్కో స్వరానికి 16 సార్లు. ముగ్గురు పదహార్లు 48 గొంతులు. ఇలా 13 స్వరాలకు. హార్మోనియం ముందు కూర్చుంటే నీకే తెలుస్తుంది, పన్నెండు స్వరస్థానాలూ పైన షడ్జమమూ కలిపి 13. మొత్తం 624 గొంతులు. ఆ ముగ్గురి లెక్కలో చూస్తే ఒక్కొక్కరు 208 సార్లు "ఆ" అన్నారు. దీనికి పట్టిన కాలం మూడు వారాలు. మూడు వారాలపాటు ముగ్గురు పెద్ద మగవాళ్ళు డాక్టరు ముందు నోరు తెరిచినట్టు ఆ అంటూ నిలబడితే గాజుకు ఇవతల స్టువర్ట్ రికార్డు చేస్తూ కూర్చున్నాడు. ఇది రాయకుండా మాయాజాలం అని ఎలా రాయగలిగావు?

అయిపోలేదు. ఒక్కో స్వరపు టేపును కొస కొస అతికించి వలయం చేశారు. సుమారు 12 అడుగుల వలయం. రికార్డర్ మీద పట్టదు. అందుకని కొంచెం దూరంలో మైకు స్టాండు నిలబెట్టి, టేపును దాని చుట్టూ తిప్పి మళ్ళీ మెషీనులోకి పంపారు. మా ఊళ్ళో పిండిమర బెల్టు ఇలాగే ఇంజనుకూ మరకూ మధ్య అంత పొడవునా తిరుగుతూ ఉండేది. వలయం కదా, స్వరానికి చివర ఉండదు, ఊపిరి తీసుకోవడం ఉండదు. అలా వచ్చిన స్వరాలను మిక్సింగ్ కన్సోల్ మీద శబ్దాన్ని పెంచి తగ్గించే మీటలు, ఫేడర్లు అంటారు, ఒక్కోదానికి ఒక్కొక్కటి చొప్పున పెట్టుకుని, నలుగురూ దాని మీదికి వంగి, పాట నడుస్తుంటే ఏ స్వరం కావాలో దాన్ని పైకి తోస్తూ, అక్కర్లేనిదాన్ని కిందికి లాగుతూ పోయారు. కన్సోలే హార్మోనియం అయిపోయింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇంకోటి ఉంది. ఫేడరును పూర్తిగా కిందికి లాగితే ఆ స్వరం నిశ్శబ్దమైపోతుంది. అలా కాకుండా ఫేడర్ల అడుగున టేపు అంటించి అడ్డం పెట్టారు. ఎంత లాగినా అడుగు దాకా పోదు. అన్ని స్వరాలూ సన్నగా, వినీ వినబడనట్టు, పాట పొడుగునా మోగుతూనే ఉంటాయి. మళ్ళీ పెట్టుకుని విను. గాయకుడు ఆగినచోట వెనక ఒక పొగమంచు వినబడుతుంది చూడు. కచేరీలో విద్వాంసుడు మంచినీళ్ళు తాగుతున్నప్పుడు కూడా వెనక తంబురా ఆగదే, అది. దాన్ని వాళ్ళు ఒక అంటు టేపు ముక్కతో సాధించారు. నీ వ్యాసంలో ఆ ముక్క లేదు.

ఇక తొమ్మిదో పేజీ. "పాట మధ్యలో ఒక మహిళా ఉద్యోగి గుసగుస కూడా వినిపిస్తుంది." ఒక మహిళా ఉద్యోగి! ఆవిడకు పేరుంది. క్యాథీ రెడ్‌ఫర్న్. స్టూడియోలో రిసెప్షన్ చూసుకునేది. పాట నడుమ వచ్చే బిట్‌లో ఏదో లోటుగా ఉందని వీళ్ళు తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. క్రీమ్ అంతకుముందు పియానో మైకుల్లోకి ఒక మాట అని ఉన్నాడు, ఊరుకో, పెద్ద మగపిల్లలు ఏడవరు అన్న అర్థం వచ్చే మాట. ఆ మాట ఎవరి గొంతులో ఉండాలో తేలడం లేదు. అప్పుడు తలుపు తెరుచుకుంది. లోపల రికార్డింగ్ జరుగుతోందేమోనన్న భయంతో ఆవిడ గొంతు బాగా తగ్గించి, ఎరిక్, విసిగిస్తున్నందుకు ఏమనుకోకు, నీకు ఫోను వచ్చింది అని చెప్పింది. క్రీమ్ గంతేశాడు. ఇదే ఆ గొంతు అన్నాడు. ఆవిడ తనవల్ల కాదంది. బతిమాలి మైకు ముందు నిలబెట్టారు.

ఇలా తలుపు తీసుకుని వచ్చిన మనిషిని నువ్వు "మహిళా ఉద్యోగి" అని హాజరుపట్టీలో చేర్చి పంపేశావు. తలుపు, సందు, తగ్గిన గొంతు, ఫోను. అటువైపు ఫోను పట్టుకుని ఎదురుచూస్తున్నవాడు ఎవరో, ఎంతసేపు పట్టుకున్నాడో నేను ఎన్నిసార్లు ఊహించుకున్నానో. వ్యాసం ఇక్కడ మొదలుపెట్టి ఉంటే నేను మృదు శిలను కూడా క్షమించేవాణ్ణి.

పాట నిడివి గురించి పదో పేజీలో రాసినది ఫరవాలేదు. ఆరు నిమిషాల పాట. రేడియోకు అంత పొడుగు పనికిరాదని అమెరికా సింగిల్‌కు నాలుగు నిమిషాల లోపుకు కత్తిరించారు. అసలు కంపెనీవాళ్ళు ఈ పాట ఉన్న ఆల్బమ్ నుంచి ముందు వదిలింది ఈ పాటను కానే కాదు, "లైఫ్ ఈజ్ ఎ మినస్ట్రోని" అన్న తమాషా పాటను. అది బ్రిటన్‌లో ఏడో స్థానం దాకా వెళ్ళింది. ఇది రెండోది. బరువైన పాటను, పొడుగైన పాటను ముందు పెట్టడానికి భయం. ఈ భయానికి దేశభాషల తేడా లేదు.

కత్తెర మాట వచ్చింది కనక ఇదీ విను. 1983లో ఒక వారపత్రికకు కథ పంపాను. పత్రిక పేరు చెప్పను, ఎడిటరు గారు గతించారు. కథ చివర ఒక స్త్రీ తలుపు దగ్గరకు వస్తుంది, కాసేపు ఆలోచిస్తుంది, తీస్తుంది, ఎదుట ఉన్నవాణ్ణి చూసి ఒక మాట అంటుంది. ఆ మాట కోసమే కథంతా రాశాను. ఆ వారం చివరి కాలమ్‌లో తలనూనె ప్రకటన పడింది. కథ "ఆమె తలుపు దగ్గరకు వచ్చింది" అన్నచోట ఆగిపోయింది. నేను పత్రిక పట్టుకుని రైలెక్కి వెళ్ళాను పోట్లాడడానికి. ఆయన నవ్వుతూ సొరుగు లాగి ఉత్తరాలు చూపించారు. పదిహేడు. అందరూ ముగింపును మెచ్చుకున్నవాళ్ళే. ఏమి సంయమనం, ఏమి నిగూఢత అని. ఆ తరువాత ఏ సభలో కనబడినా ఆయన ఈ సంగతి నలుగురికీ చెప్పి నా భుజం తట్టేవారు. అందులో ఒక విమర్శకుడు ఆ ముగింపు మీద వ్యాసం కూడా రాశాడు. ఆ ముగింపు నాది కాదయ్యా, కొబ్బరినూనెది అని లేచి అరవాలనిపించేది. కత్తెర పడ్డ పాట కూడా అమెరికాలో రెండో మెట్టు ఎక్కింది కదా అని నువ్వు అనవచ్చు. అను. ఒప్పుకుంటాను. ఇష్టంగా మాత్రం కాదు.

ఈ మధ్య కత్తెర కూడా మారిపోయింది. ఎడిటర్లు కత్తిరించడం మానేసి ముక్కలు చేయడం మొదలుపెట్టారు. "ఈ పాట గురించి మీకు తెలియని పది విషయాలు." నీ పదకొండో పేజీ ఆ వాసన కొడుతోంది. ఆల్బమ్ పేరు, అవార్డులు, 1976లో గాడ్లీ, క్రీమ్ బృందం నుంచి విడిపోవడం, మిగిలిన ఇద్దరూ కలిసి "ది థింగ్స్ వి డూ ఫర్ లవ్" చేసి అమెరికాలో ఐదో స్థానానికి వెళ్ళడం, ఇవన్నీ ఒకదాని కింద ఒకటి, సంతలో టమాటాలు కుప్పలు పోసినట్టు. కుప్పలు పోయడం తేలిక. కొనేవాళ్ళూ ఉన్నారు. నీకు అదే కావాలంటే నాకు రాయనక్కర్లేదు.

2014లో వచ్చిన "గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ" సినిమాలో ఈ పాటను మొదటిసారి విన్నానని రాశావు. ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉన్న తల్లి, బయట చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఈ పాటే వింటూ కూర్చున్న పిల్లవాడు. ఏడవకూడదని చెప్పే పాటను ఆ పిల్లవాడి చెవుల్లో పెట్టినవాడెవడో బాగా తెలిసినవాడు. ఆ సినిమా పాటల ఆల్బమ్ అమెరికా ఆల్బమ్ చార్టులో ఒకటో స్థానానికి వెళ్ళింది. అన్నీ పాత పాటలే ఉన్న సినిమా ఆల్బమ్‌కు అలా జరగడం అదే మొదటిసారి. 1975లో మూడు వారాలు నిలబడి వెనక్కి వచ్చిన పాట 39 ఏళ్ళకు గుంపుతో కలిసి లోపలికి వెళ్ళింది. ఇది నీ దగ్గర ఉంది, కాని పక్కపక్కన పెట్టలేదు. రెండో పేజీలో ఒకటి, పన్నెండులో ఒకటి.

పదమూడో పేజీకి వచ్చేసరికి నేను మానేద్దామనే అనుకున్నాను. అక్కడ కలంతో కొట్టేసిన వాక్యం ఒకటి కనబడింది. రెండు గీతలు గట్టిగానే కొట్టావు. కాని దీపం కింద కాగితం ఎత్తి పట్టుకుంటే చదవడానికి వచ్చింది: "మా నాన్న ఈ పాట విని, నాకు ఇంగ్లీషు పాటలు ఎక్కవు అన్నాడు. కాసేపాగి మళ్ళీ పెట్టు అన్నాడు."

ఎందుకు కొట్టేశావు?

పాట ఎలా పుట్టిందో నీకు తెలిసే ఉంటుంది, నువ్వే రాశావు, నాలుగు మాటల్లో. స్టువర్ట్‌కు పెళ్ళయి ఎనిమిదేళ్ళయింది. నన్ను ప్రేమిస్తున్నానని ఎందుకు తరచుగా అనవు అని భార్య అడిగింది. రోజూ అంటే ఆ మాట అరిగిపోతుందని అతని జవాబు. అక్కడి నుంచి ఈ పాట. పొడుగునా నాకు ప్రేమ లేదు, లేదు, లేదు అంటాడు. గోడ మీద నీ ఫొటో పెట్టింది మరక కనబడకుండా ఉండడానికే అంటాడు. అన్నకొద్దీ వినేవాడికి తెలిసిపోతుంది. మనవాళ్ళు దీనికి ఎప్పుడో పేరు పెట్టారు. అనకుండా తెలిసేది ధ్వని అని ఆనందవర్ధనుడు తొమ్మిదో శతాబ్దంలోనే గ్రంథం రాశాడు. నిషేధంగా చెప్పి విధిని స్ఫురింపజేయడం అని పండితులు ఉదాహరణలు ఇస్తారు. అవన్నీ నీకు అక్కర్లేదు. నీ ఇంట్లోనే ఉదాహరణ ఉంది. ఎక్కవు అన్నాడు. మళ్ళీ పెట్టు అన్నాడు. ఆరు నిమిషాల పాట అంతా ఆ రెండు మాటల్లో ఉంది. పద్నాలుగు పేజీల్లో నువ్వు రాసినది ఆ ఒక్క వాక్యమే. దాన్ని కొట్టేశావు, మృదు శిలను ఉంచావు.

బహుశా వ్యాసంలో మా నాన్న ఏమిటి, బాగుండదు అనుకున్నావేమో. ఎవరైనా అలా చెప్పి ఉంటే వాళ్ళ మాట వినకు. నా మిత్రుడి పెదవి సంగతి చెప్పాను కదా.

నీ ప్రశ్నలు. శైలి ఎలా వస్తుందని అడిగావు. తెలియదు. ఇంగ్లిష్ పేర్లను తెలుగులో ఎలా రాయాలంటే, పలికినట్టు రాయి, ఒకసారి రాసినట్టే చివరిదాకా రాయి; స్టువర్ట్‌ను నువ్వు మూడు రకాలుగా రాశావు. ఏ పత్రికకు పంపాలన్న ప్రశ్న నన్ను అడగవద్దు. నాకు ఎడిటర్లతో పడదని ఇప్పటికే అర్థమై ఉంటుంది. మిగతా మూడూ ఇంకోసారి.

పదమూడో పేజీ ఒక్కటే వెనక్కి పంపుతున్నాను. కొట్టేసిన వాక్యం చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టాను. మిగతా పదమూడు నా దగ్గరే ఉంచుకున్నాను, నువ్వు వాటిని చూసి మళ్ళీ అవే రాయకుండా. నాన్నగారు ఆ పాట విన్నప్పుడు ఎక్కడ కూర్చున్నారు? నీ ఫోనులోనా, స్పీకరులోనా? మళ్ళీ పెట్టు అన్నప్పుడు నీ వైపు చూశారా? చేతుల్లో ఏముంది? నాకు అది రాసి పంపు.

మీ ఇంట్లో అందరికీ నా నమస్కారాలు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి

తా.క. స్టాంపులు చాలలేదు. ఉత్తరం బరువెక్కింది. ఆరు రూపాయలు నావి వేశాను. ఈసారి పంపేటప్పుడు కలిపి పంపు.